ఉప్పుబండ

రెండువేల ఇరవై రెండు, డిసెంబరు పదకొండు, ఆదివారం. ఆ రోజు తిన్నది జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. కృష్ణకాంత్ సారు మూడు రొట్టెలు తిని, నాలుగోదాన్ని సగానికి విరిచి జేబురుమాలులో చుట్టుకున్నాడు. పరమేష్‌కు ఆ తేదీ అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం రొట్టెలు కాదు. నల్గొండ నుంచి తన తుఫాన్ బండిలో సారును తీసుకుపోయి, కోస్గి అవతల తన సొంతూరి గుట్ట మీది బండను తన వేలితో తానే చూపించిన రోజు అది. దారిలో మాటల సందున "మా ఊర్ల రాతిల నత్తగుల్లలుంటయి సార్" అన్నందుకు సారు బండిని అటే తిప్పమన్నాడు.

రెండేండ్లు దాటింది. ఇప్పుడు ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం, నల్గొండ శివారులో రాళ్లు చెక్కే కిష్టయ్య కొట్టం ముందు పరమేష్ గొంతుక్కూర్చుని ఒక నల్లరాతి పలకను చదువుతున్నాడు. కిష్టయ్య తడిబట్టతో పొడి తుడుస్తూ, చెక్కిన అక్షరాల గుంతల్లో తెల్లరంగు నింపుతున్నాడు. ఒక్కో అక్షరం దగ్గర ఊపిరి బిగబట్టి, రంగు పట్టాక వదులుతున్నాడు.

'గుల్లల గుట్ట. ఆరున్నర కోట్ల ఏండ్ల నాటి నత్తగుల్లల శిలలు. కనుగొన్నవారు: డాక్టర్ కృష్ణకాంత్. ఇది రక్షిత స్థలం. గొర్రెలు, మేకలు, పశువులకు ప్రవేశం లేదు.'

"ఊరు నీదేనంటివి. నీ పేరు యాడుంది రా ఇండ్ల?" కిష్టయ్య తల ఎత్తకుండానే అడిగాడు.

"డ్రైవర్ పేరు బండి మీదనే ఉంటది తాత."

"గొర్లు రావొద్దంట మల్ల. మీరు గొర్లోళ్లే గదా?"

పరమేష్ రంగు ఆరేదాకా ఆగి, బండి వెనక సీట్ల నడుమ పాత ట్యూబు పరిచి, దాని మీద నాలుగు గోనెసంచులు వేశాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పలకను లోపలికి జరిపారు. అది కదలకుండా రెండు పక్కలా ఇటుకలు ఆనించి, మోకు బిగించి, ముడి మీద ముడి వేశాడు. తన సొంత సామాను కూడా అతను ఎప్పుడూ అంత జాగ్రత్తగా కట్టలేదు.

కంచె సంగతి అతనికి ముందే తెలుసు. చుట్టూ రాతి కడీలు పాతి తీగ కడతామని, బండకు రక్ష అని సారు చెప్పాడు. రక్ష అంటే మనుషుల నుంచి అనుకున్నాడు పరమేష్. రాయి కొట్టుకుపోయేవాళ్ల నుంచి అనుకున్నాడు. తన తల్లి నుంచి అనుకోలేదు.

రాత్రి అన్నం పెడుతూ భార్య మల్లీశ్వరి అంతా విన్నది.

"సారునడుగు."

"అడుగుత."

"ఎప్పుడు? పలక పాతినంకనా?"

పరమేష్ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

* * *

తెల్లవారుజామున అయిదింటికి బండి కదిలింది. ముందు సీట్లో కృష్ణకాంత్ సారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. మోకాళ్ల మీద గుడ్డసంచి, అందులో సుత్తి, భూతద్దం, నోటుబుక్కు. వెనక నిర్మలమ్మ మేడం, ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్. సారు పెట్టిన వారసత్వ మిత్రమండలికి ఆమె కార్యదర్శి. ఆమె పక్కన నవీన్‌కుమార్. మండలి ఫోటోలు, వీడియోలు అతనివే. కాళ్లు పెట్టుకోను జాగా లేక రెండు పాదాలూ రాతిపలక మీదనే పెట్టాడు.

"పేరు మీద కాళ్లు పెట్టినవ్ నవీనూ," అంది నిర్మలమ్మ.

"సంచి ఉంది మేడం నడుమ. సారుకు తాకదు."

అందరూ నవ్వారు. పరమేష్ కూడా నవ్వాడు.

దేవరకొండ దాటాక తెల్లారింది. కల్వకుర్తిలో టిఫిన్‌కు దిగారు. పరమేష్ అలవాటు ప్రకారం బండి దగ్గరే నిలబడబోతే నిర్మలమ్మ వెనక్కి తిరిగి, "నీకు ప్లేటు చెప్పిన, వచ్చి కూసో. నిలబడి తింటే నాకు గొంతు దిగదు," అంది. అతను వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. సాంబారు గిన్నెను ఆమె అతని వైపుకు జరిపింది. ఇప్పుడు అడగాలి అనుకున్నాడు. సారు అప్పటికే నవీన్‌కుమార్‌కు చెరువు కథ చెబుతున్నాడు. చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉంది.

"భూమి పగిలి నిప్పుల ద్రవం పారింది. ఒకసారి పారి ఆగింది. ఆ ఆగిన కాలంలో గుంతల్లో నీళ్లు నిలిచి చెరువులయినయి. నత్తలు పుట్టినయి, బతికినయి, చచ్చినయి. మల్ల ద్రవం వచ్చి కప్పేసింది. ఆ రెండు పొరల నడుమ చిక్కిన చెరువు అడుగే మన బండ."

"అంత నున్నగ ఎట్లయింది సార్? చుట్టుపక్కల రాళ్లన్నీ గరుకుగుంటయి గద."

"అదే అసలు విషయం." సారు కళ్లు మెరిశాయి. "అది చెరువు ఒడ్డు. అలలు తాకీ తాకీ సానపట్టినయి. నా వ్యాసంలో అదే రాసిన. ఆరున్నర కోట్ల ఏండ్ల కిందటి అల గుర్తు మనం చేత్తో తడిమి చూస్తున్నం."

పరమేష్ తల ఎత్తి సారును చూశాడు. ఏదో అనబోయి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

జడ్చర్ల దాటి, పాలమూరు దాటి కోస్గి దారి పట్టాక ఎర్రనేల వెనకబడింది. గుండ్రటి బండరాళ్ల గుట్టలు పోయి, చదునుగా కోసినట్టున్న దిబ్బలు వచ్చాయి. నల్లరేగడి. కంది కోసిన మోళ్లు, అక్కడక్కడ ఇంకా నిలబడి ఉన్న జొన్న. పరమేష్‌కు ఈ మలుపు దగ్గర ఎప్పుడూ ఆకలి వేస్తుంది. తిని గంటయినా వేస్తుంది.

సారు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. దాంతోపాటు సిరాడబ్బీ.

"పరమేష్, ఇది గ్రామసభలో పెట్టాలె. అక్కడ మేపేటోళ్లకు కంచె వేస్తే అభ్యంతరం లేదని. ముందుగ మీ అమ్మతోని వేలిముద్ర పెట్టించు. పెద్దమనిషి ఆమె. ఆమె వేస్తే మిగిలిన మందలోళ్లు వేస్తరు. కడీలు కూడా చెప్పిపెట్టిన, వచ్చే ఆదివారం వస్తయి."

పరమేష్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో కాగితం తీసుకున్నాడు.

"గొర్లకు ఉప్పు ఆడనే పోస్తరు సార్."

"ఉప్పేముంది పరమేష్, ఇంకో బండ మీద పోసుకుంటరు. అంత పెద్ద గుట్టల ఒక్కటే బండనా?"

"పైగా తొక్కి తొక్కి కరాబు చేస్తున్నయన్నా," అన్నాడు నవీన్‌కుమార్ వెనకనుంచి. "పోయినసారి ఫోటోల సూడు. గుల్లల మీద గొర్ల పెంటికలు."

సారు అప్పటికే కిటికీలోంచి దిబ్బల పొరలు చూపిస్తూ నిర్మలమ్మకు ఏదో చెబుతున్నాడు. పరమేష్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బండి గేరు మార్చినప్పుడల్లా అది గుండెకు గుచ్చుకుంది.

* * *

ఊరు దాటి, గుట్ట మొదట్లో బండి ఆగింది. పలకను తర్వాత మోసుకొద్దామని నలుగురూ పైకి ఎక్కారు. పావుగంట నడక. పైన నేల చదునుగా ఉంది. నడుమ రెండు మంచాలంత వెడల్పున, గోధుమరంగు బండ నేలలోంచి తేలి ఉంది. దాని మీద అక్కడక్కడా చిన్న చిన్న పల్లాలు, అరచేతులు బోర్లించి నొక్కినట్టు. ఆ పల్లాల్లో తెల్లగా, సన్నగా, మెలితిరిగిన గుల్లలు. కొన్ని గోరంత. కొన్ని బొటనవేలంత.

బండ పక్కన గుర్వమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అరవై అయిదేండ్ల మనిషి. ఒళ్లో ఉప్పుమూట. కొంచెం దిగువన పెద్దకొడుకు ఎల్లేశం కట్టె అడ్డం పెట్టి మందను ఆపుతున్నాడు. నూట ఇరవై నల్ల గొర్లు, ఉన్ని ముద్దలు ముద్దలుగా. ఉప్పు వాసన పట్టాయి. ఒకదాని వీపు మీద ఒకటి తలలు పెట్టి అరుస్తున్నాయి.

"వచ్చినవా బిడ్డా. సారు బాగున్నడా? రొట్టె తెచ్చిన, కూసోండ్రి," అంది గుర్వమ్మ. నిర్మలమ్మను చూసి పక్కన ఉన్న గొంగడి దులిపి పరిచింది. "ఎండల వడి వచ్చినవ్ చెల్లె. కాళ్లు సాపు."

నిర్మలమ్మ మొహమాటపడకుండా గొంగడి మీద కూర్చుని కాళ్లు చాపింది.

"అమ్మా, గొర్లను జర అవుతలికి కొట్టిపియ్యుండ్రి, వీడియో తీయాలె," అన్నాడు నవీన్‌కుమార్.

"ఐతారం బిడ్డా, ఉప్పు యాల్ల. నీ వీడియో సంగతి వాటికి తెల్వది."

సారు నవ్వి, "ఒక్క అర్ధగంట గుర్వమ్మా," అన్నాడు. తర్వాత పరమేష్ వైపు చూశాడు. ఆ చూపు అర్థం పరమేష్‌కు తెలుసు. జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, తల్లి ముందు కూర్చున్నాడు. అక్షరం వదలకుండా చదివాడు. 'అభ్యంతరం లేదని మా ఇష్టపూర్వకంగా' అన్న దగ్గర ఆగిపోయాడు. ఆ మాటను మళ్లీ చదివాడు.

గుర్వమ్మ అంతా విన్నది. చేతిలో ఉప్పురాయిని వేళ్ల నడుమ తిప్పుతూ కూర్చుంది.

"అంటే, ఇగ బండ మీద ఉప్పు పొయ్యొద్దు?"

"వద్దనే."

"నీ దోస్తు సారు రాపిచ్చిండా?"

"ఆఁ."

"నన్ను ముద్ర ఎయ్యమంటున్నవా?"

పరమేష్ కాగితం మడత పెట్టాడు.

గుర్వమ్మ సారు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఏలు నాది సారు, ఏస్త. బండ నాది కాదు గద. మా అత్త పోసింది ఈడ ఉప్పు. మా అత్తకు వాళ్లత్త చూపిచ్చింది. రేపు నా మనుమలు పోస్తరు. నాలుగు మందలది ఈ బండ. నాది కాని దాన్ని ఇచ్చినట్టు నేనెట్ల ముద్ర ఎయ్యాలె? ఇంక పుట్టని గొర్లకు నేనేం జవాబు చెప్పాలె?"

"గుర్వమ్మా, ఇది మామూలు బండ కాదు. ఇట్లాంటిది చుట్టుపక్కల ఎక్కడా లేదు. ప్రపంచానికి చెందింది."

"అయితె ప్రపంచాన్ని రమ్మను, చూసి పొమ్మను. మేమెన్నడన్న కట్టె అడ్డం పెట్టినమా?"

ఎల్లేశం దిగువనుంచి గట్టిగా నవ్వాడు. నవీన్‌కుమార్ మొహం ఎర్రబడింది. "సార్ మంచిగ చెప్తున్నరు. ఇంకో బండ మీద పోసుకోండి అంటే ఏమయితది?"

"నాలుకలు తెగుతయి," అన్నాడు పరమేష్.

అందరూ అతని వైపు చూశారు. అతను లేచి నిలబడి ఉన్నాడు.

"ఏమన్నవ్?" అన్నాడు సారు.

"గరుకు బండ మీద ఉప్పు పోస్తే గొర్ల నాలుకలు గీసుకపోతయి సార్. నెత్తురొస్తది. మట్టిల పోస్తే మట్టి తిని కడుపుబ్బి చస్తయి. అందుకే ఈడ పోస్తరు. ఇది నున్నగున్నది."

"నున్నగ ఉందనే కదా నేనూ చెప్పేది. అలలు..."

"అలలు కావు సార్." పరమేష్ గొంతు అతనికే కొత్తగా వినబడింది. అయినా ఆగలేదు. "పొద్దున టిఫిన్ కాడనే చెప్పాలె. నాకు ధైర్యం చాలలె. జర ఇట్ల రాండ్రి."

సారును చెయ్యి పట్టుకుని బండ అవతలి అంచుకు తీసుకుపోయాడు. ఇన్నేండ్లలో అతను సారు చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అక్కడ బండ నేలవాలుగా వంగి ఉంది. ఉప్పు నిలవదు కాబట్టి అక్కడెవరూ పోయరు. రాయి మొరుము మొరుముగా, నల్లటి పెంకుకట్టి ఉంది.

"ఇదీ అదే బండ. ఇండ్ల గుల్లలు చూపియ్యుండ్రి సార్."

సారు వంగి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. గుల్లలేవీ కనబడలేదు. సుత్తి తీసి అంచును చిన్నగా కొట్టాడు. పెచ్చు ఊడిన చోట, లోపల, సున్నపు చుక్కలా ఒక మెలిక బయటపడింది.

"లోపల ఉన్నయి," అన్నాడు మెల్లగా.

"ఉన్నయి. ఈడ ఉప్పు పొయ్యలె, గొర్రె నాకలె. అందుకే పైకి రాలె. ఆడ పోసిండ్రు, ఎన్ని తరాలనుంచో. మీరు కనిపెట్టినయి కావు సార్ అవి. మా గొర్లు నాకి తీసినయి."

గాలికి నిర్మలమ్మ కొంగు రెపరెపలాడింది.

"అమ్మా, ఉప్పు పొయ్యి," అన్నాడు పరమేష్.

గుర్వమ్మ లేచింది. మూట విప్పి ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో దొడ్డుప్పును విత్తనం చల్లినట్టు చల్లింది. ఒక్కో పల్లంలో ఒక్కో పిడికెడు. ఎక్కడ ఎంత పడాలో చేతికి తెలుసు. కళ్లు మందనే చూస్తున్నాయి. చల్లడం అయిపోయి పక్కకు జరిగి, "బ్బా... బ్బా..." అని పిలిచింది. ఎల్లేశం కట్టె తీశాడు.

గొర్లు నల్లటి వరదలా వచ్చి పడ్డాయి. నవీన్‌కుమార్ ఫోను ఎత్తి పట్టుకుని వెనక్కి గెంతాడు. అరుపులు ఒక్కసారిగా ఆగిపోయి, నాకే చప్పుడు ఒక్కటే మిగిలింది. వంద నాలుకలు రాతి మీద కదిలే చప్పుడు. సారు కదలకుండా నిలబడి విన్నాడు. మంద రెండు పాయలయి ఆయన కాళ్ల పక్కనుంచి పోతోంది.

చాలాసేపటికి గొర్లు తలలెత్తి ఒక్కొక్కటే పక్కకు మళ్లాయి. బండ తడిసి మెరుస్తోంది. పొడిగా ఉన్నప్పుడు కనబడని గుల్లలు కూడా, సన్న గీతలతో సహా, నీళ్ల అడుగున ఉన్నట్టు తేటగా కనబడ్డాయి. సారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూపుడువేలితో పల్లం తడిమి, వేలు నాలుకకు ఆనించుకున్నాడు. ఉప్పగా ఉండి ఉండాలి. మొహం ఏమీ చెప్పలేదు.

లేచి, మోకాళ్లు దులుపుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పలక తెద్దాం పద. పాతి పోదాం. మిగిలిన సంగతులు తర్వాత."

"పలక నేను మొయ్య సార్," అన్నాడు పరమేష్.

"ఏంది?"

"బండిల ఎక్కిచ్చిన. ఈడిదాకా తెచ్చిన. దించ."

"నీకు కిరాయి ఇచ్చి..."

"ఇయ్యకుండ్రి. డీజిలు కూడా నాదే అనుకుంట. గొర్లు రావొద్దని రాసిన రాయిని మా అమ్మ ముంగట నేను పాతను."

సారు ఎల్లేశం వైపు చూశాడు. ఎల్లేశం గొర్రెపిల్ల కాలిలో ముల్లు తీయడంలో మునిగిపోయాడు. నవీన్‌కుమార్ ఒక్కడితో ఆ పలక లేవదు. నిర్మలమ్మ గొంగడి మీదనుంచి లేచి, దాన్ని మడిచి గుర్వమ్మ చేతికిచ్చింది. "ఇయ్యాల్టికి పోదాం సార్," అంది.

రొట్టెలు ఎవరూ తినలేదు. గుర్వమ్మ మూటను అట్లాగే నిర్మలమ్మ సంచిలో పెట్టింది. "బండిల తినుండ్రి. కోపం రొట్టె మీద ఎందుకు?"

* * *

తిరుగుదారిలో కోస్గి దాటాక నవీన్‌కుమార్ ఫోనులో చూసుకుంటూ, "వీడియోకు మంచిగ చూసేటోళ్లు వస్తున్నరు. 'గొర్ల పాలవుతున్న కోట్ల ఏండ్ల సంపద' అని పెట్టిన," అన్నాడు.

"ఎప్పుడు పెట్టినవ్?" అంది నిర్మలమ్మ.

"పైనున్నప్పుడే మేడం."

సారు వినబడనట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దేవరకొండ దగ్గర నిర్మలమ్మ మూట విప్పి రొట్టె తుంచి, ముందుకు వంగి, గేరు పక్కనున్న డబ్బా మూత మీద పరమేష్ కోసం పెట్టింది. ఇంకో ముక్క సారుకు ఇచ్చింది. ఆయన తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

నల్గొండలో సారు ఇంటి ముందు పలక దించాల్సి వచ్చింది. పరమేష్ ఇక్కడ పేచీ పెట్టలేదు. నవీన్‌కుమార్‌ను రెండో కొస పట్టుకోమని, మెట్లు చూసుకుంటూ మోసి, వసారాలో గోడకు ఆనించాడు. అక్షరాల రంగు గీసుకుపోకుండా గోనెసంచి కప్పాడు.

"వచ్చే ఆదివారం వేరే బండి మాట్లాడుకుంట," అన్నాడు సారు.

"మంచిది సార్."

"కడీలు వస్తయి. ఆగవు."

"మేమూ ఉంటం సార్ ఆడ."

సారు లోపలికి పోయాడు. పరమేష్ బండిలో కూర్చుని తాళం చెవి తిప్పాడు. నెలకు నాలుగు కిరాయిలు ఆ ఇంటినుంచే. ఇంటికి పోయి మల్లీశ్వరికి అంతా చెప్పాడు. ఆమె విని, "మల్ల కడుపునిండ తిను ఇయ్యాల," అంది.

* * *

మరుసటి శనివారం రాత్రికే పరమేష్ బస్సెక్కి ఊరు చేరాడు. పొద్దున్నే నాలుగు మందలవాళ్లూ గుట్ట మీద ఉన్నారు. నాలుగు వందలకు పైగా గొర్లు. కడీల ట్రాక్టరు వస్తే ఏం చేయాలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. "మేమేం చెయ్యం. గొర్లను లేపం, అంతే," అన్నాడు ఎల్లేశం. అందరికీ అది సరిగ్గానే తోచింది.

బండ అంచున రెండు చోట్ల రాయి తెల్లగా పగిలి ఉంది. గురువారంనాడు ఎవరో ఇద్దరు పిల్లగాండ్లు బైకు మీద వచ్చి, ఫోనులో వీడియో చూసి వచ్చామని చెప్పి, ఉలితో కొట్టారు. గుర్వమ్మ కట్టె పట్టుకుని గుట్ట కిందిదాకా తరిమింది. ఒకడి చెప్పు ఇంకా అక్కడే పడి ఉంది.

పదింటికి దారి మీద ఒక మనిషి కనబడ్డాడు. ట్రాక్టరు లేదు. జీపు లేదు. ఎండకు నల్లగొడుగు పట్టుకుని, గుడ్డసంచి భుజానికేసుకుని, ఆగి ఆగి ఎక్కుతున్నాడు.

"నీ సారే," అంది గుర్వమ్మ.

"నా సారు కాదు ఇప్పుడు," అన్నాడు పరమేష్. అయినా నాలుగడుగులు దిగి ఎదురుపోయాడు.

సారు వచ్చి మొదట బండ దగ్గరికే పోయాడు. పగిలిన చోటు చూసి అక్కడే కూర్చుండిపోయాడు. ఎల్లేశం గురువారం సంగతి చెప్పాడు. సారు చెప్పును చూశాడు, గుర్వమ్మ చేతిలోని కట్టెను చూశాడు.

"కడీలు వద్దని చెప్పిన," అన్నాడు చివరికి. "వారం రోజులు నేను రాసింది నేనే చదువుకున్న. తప్పు రాసిన. అలల సంగతి మార్చి రాయాలె." తర్వాత గుర్వమ్మ వైపు చూడకుండా, "పలక కూడా కొత్తది చెక్కిస్త. ఎవరి పేరు పెట్టమంటరు?" అన్నాడు.

"పేరెందుకు సారు? ఉప్పుబండ అని ఉండనే ఉన్నది. నువ్వే గుల్లల గుట్ట అన్నవ్."

"అంతేనా?"

"అంతనే కాదు." ఆమె కొడుకు వైపు చెయ్యి చాపింది. పరమేష్ జేబులోంచి గీతల కాగితం తీశాడు. రాత్రి లాంతరు లైటు కింద కూర్చుని అతనే రాశాడు. ఇప్పుడు నాలుగు మందల ముందు నిలబడి చదివాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఉప్పుబండ చుట్టూ కంచె వేయరాదు. బండ మీద ఉప్పు పోసే హక్కు మందలది. చూడవచ్చేవాళ్లను ఎవరూ ఆపరు. రాయి కొడితే మాత్రం ఊరుకోరు.

సారు కాగితం తీసుకుని తాను మళ్లీ చదివాడు. పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టబోతుంటే గుర్వమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"గా గీతలు నాకు చదవరావు సారు. రేపు ఇది నీదే అని నేనెట్ల చెప్పాలె? ఏలు ఎయ్యి. ఏలయితె నేను గుర్తుపడ్త."

మందలవాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పరమేష్ సారు మొహం చూడలేక పక్కకు తిరిగాడు. సారు కొంతసేపు ఆ వేళ్ల బిగువు మీదనే చూపు నిలిపాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి సిరాడబ్బీ తీశాడు. ఎడమ బొటనవేలు అద్ది, కాగితం చివర నొక్కి, కదలకుండా పట్టుకుని తీశాడు. గుర్వమ్మ కాగితాన్ని ఎండకు పెట్టి చూసింది. గీతలన్నీ తేటగా పడ్డాయి. నోటితో ఊది ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి రొండిన చెక్కుకుంది.

"ఇగ ఉప్పు పొయ్యి," అంది మూట ఆయన చేతికిచ్చి.

సారు పోశాడు. ఒకే పల్లంలో కుప్పగా పోశాడు. గొర్లన్నీ అక్కడికే ఎగబడి ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. "గట్లనా పోసేది? ఇన్నేండ్లు ఏం చదువు చెప్పినవయ్యా నువ్వు!" అని గుర్వమ్మ అరిచింది. సారు ముందుగా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

మధ్యాహ్నం అంతా ఆయన నోటుబుక్కు పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఎవరి మంద ఎప్పటినుంచి, ఎవరి అత్త పేరేమిటి, ఎన్ని రోజులకోసారి ఎన్ని పిడికిళ్లు, అన్నీ అడిగి రాసుకున్నాడు. రాసుకుంటూ రాసుకుంటూ ఆఖరి బస్సు సంగతి మరిచిపోయాడు. పొద్దుగూకాక మందతోపాటే ఇల్లు చేరారు. వసారాలో నులకమంచం వేశారు. రెండు రొట్టెలు తిని, నూనె రాసుకున్న మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, చీకటి పడీ పడకముందే సారు నిద్రపోయాడు. బొటనవేలి సిరా ఇంకా పోలేదు.

పరమేష్ గడప మీద కూర్చుని తల్లిని చూస్తున్నాడు. గుర్వమ్మ పిల్లల కొట్టంలోకి వంగి, దీపం లేకుండానే ఒక్కో తలా ముట్టుకుంటూ గొర్రెపిల్లలను లెక్కపెట్టింది. ఒకటి ఆమె వేలు చప్పరించబోయింది. దాన్ని తల్లిగొర్రె దగ్గరకు నెట్టి బయటికి వచ్చింది. ఆ కొట్టం తలుపు కిర్రుమంటుంది. వసారా వైపు ఒకసారి చూసి, తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా మూసి గొళ్లెం పెట్టింది.